కర్వ్ ఈవీనా, క్రెటా ఎలక్ట్రిక్కా? కర్నూలులో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో టాటా కర్వ్ ఈవీ, అంటే కరెంటు కారు, ఉంది, పెద్ద బ్యాటరీది. కల్లూరులో ఉండే మా బావ దగ్గర హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ ఉంది, అదీ పెద్ద బ్యాటరీదే. రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఎండలో, ఒకే రోడ్ల మీద తిరుగుతున్నాయి. పెళ్లిళ్లలో, ఆఫీసులో, గుడి దగ్గర ఎవరు కలిసినా ఇవే ప్రశ్నలు అడుగుతుంటే, ఒకచోట రాసి పెడదామనిపించింది. ఇరవై లక్షల చుట్టూ డబ్బు పెట్టే వస్తువు ఇది. తెలిసిన మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టు ఉండాలని రాస్తున్నాను.

అన్నా, ఒక్క ముక్కలో చెప్పు. రెండిట్లో ఏది?

వెనక సీట్లో అమ్మానాన్నలు ఎక్కువగా కూర్చునే ఇల్లయితే క్రెటా. నెలకు రెండు మూడుసార్లు హైదరాబాదో బెంగళూరో పోయే మనిషైతే కర్వ్, అదీ 55 యూనిట్ల బ్యాటరీది. ఇంట్లో కారుకు ప్లగ్ పెట్టుకునే వీలు లేకపోతే ఇప్పటికి రెండూ వద్దు.

అంత మాట అనేశావు! హైవే మీద చార్జింగ్ స్టేషన్లు వచ్చాయి కదా?

వచ్చాయి. ప్రయాణానికి అవి చాలు, రోజువారీ బతుకుకు చాలవు. ఈవీలో ఉన్న సుఖమంతా రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే పొద్దునకు కారు సిద్ధంగా ఉండటంలోనే ఉంది. అది లేకపోతే వారానికోసారి ఏ స్టేషన్లోనో గంటసేపు కూర్చోవాలి, యూనిట్‌కు రెట్టింపు కట్టాలి. అందుకే నన్ను అడిగిన వాళ్లందరికీ చెప్పేది ఒకటే: షోరూంకి పోయేముందు మీ ఇంటి మీటరు దగ్గరికి పోండి. ఎంత లోడు శాంక్షన్ అయింది, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, కారు నిలిపే చోటికి వైరు ఎంత దూరం లాగాలి, ఎర్తింగ్ ఎలా ఉంది? ఈ నాలుగూ చూసుకున్నాకే కార్ల సంగతి.

ఎర్తింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మన సీమలో ఇది నిజంగా ఏడిపిస్తుంది. నిరుడు ఏప్రిల్లో ఒక రాత్రి ప్లగ్ పెడితే చార్జర్ పెట్టె మీద ఎర్ర లైటు. తీసి పెట్టాను, మళ్లీ ఎర్ర లైటే. కారు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య టెస్ట్ బల్బు పెట్టి చూపించాడు. బల్బు దీపం వత్తిలా మినుకుమంటోంది. పెరట్లో ఎర్త్ గుంత మూత తీస్తే లోపలి మట్టి ఎండి నెర్రెలిచ్చి ఉంది. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు వేసిన ఉప్పూ బొగ్గూ, ఆ తర్వాత చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. రెండు బకెట్లు పోసి అరగంట ఆగాక బల్బు నిండుగా వెలిగింది, చార్జర్ మీద పచ్చ లైటు వచ్చింది. తర్వాత కొత్త ఎర్త్ వేయించాం. అయినా మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి ఆ గుంతలో నీళ్లు పోయడం మా ఇంట్లో తులసికోటకు నీళ్లు పోసినంత అలవాటైపోయింది. కారు ఏదైనా ఈ పని మాత్రం తప్పదు.

మామూలు 15 ఆంపియర్ల ప్లగ్ సరిపోతుందా?

రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు హాయిగా సరిపోతుంది. ఆ ప్లగ్ నుంచి గంటకు మూడు యూనిట్ల దాకా ఎక్కుతుంది. నలభై కిలోమీటర్లకు ఆరు యూనిట్లు ఖర్చయితే రెండు, రెండున్నర గంటల పని. ఖాళీ అయిన పెద్ద బ్యాటరీని దీంతోనే నింపాలంటే మాత్రం 17, 18 గంటలు పడుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం పెట్టొద్దు. అంత కరెంటు గంటల తరబడి లాగితే అది కరిగిపోతుంది. ప్లగ్ పాయింట్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా మందపాటి వైరు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్ (ఎంసీబీ) విడిగా ఉండాలి.

క్రెటాకు 11 కిలోవాట్ల చార్జర్ ఇస్తారట, కర్వ్‌కు 7.2 మాత్రమే. మరి క్రెటానే మేలు కదా?

మీ ఇంట్లో త్రీ ఫేజ్ ఉంటే అవును. 11 కిలోవాట్లు త్రీ ఫేజ్ మీదే వస్తాయి. మన ఊళ్లో ఎక్కువ ఇళ్లకు ఉండేది సింగిల్ ఫేజే. ఆ ఇంట్లో 11 కిలోవాట్ల పెట్టె గోడకు బిగించినా దాని పూర్తి వేగం మీకు దక్కదు. క్రెటా విడుదలైనప్పుడు ఆ వాల్ బాక్స్‌కు 73 వేలు అదనంగా అడిగారు. మీటరు చూడకుండా ఆ డబ్బు కట్టేయకండి. మా బావ ఇంట్లో ముందునుంచే త్రీ ఫేజ్ ఉంది కాబట్టి ఆయనకు కలిసొచ్చింది. రాత్రి పదింటికి పెడితే తెల్లవారక ముందే నిండిపోతుంది.

కర్వ్ 7.2 కిలోవాట్ల చార్జర్‌కు సింగిల్ ఫేజ్ చాలు, కానీ అదొక్కటే 32 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఏసీ, గీజరు, మోటారు ఉన్న ఇంట్లో శాంక్షన్ లోడు పెంచుకోకుండా పెడితే బిల్లులోనూ ఫ్యూజులోనూ తలనొప్పే. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఎస్పీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ కిందే ఉన్నాయి. లోడు పెంచడానికి ఏఈ ఆఫీసులో కారు బుక్ చేసిన రోజే దరఖాస్తు పెట్టండి, కారు వచ్చాక కాదు.

బ్రోచర్లో ఒక్క చార్జికి కర్వ్ 585 కిలోమీటర్లు, క్రెటా 473. వంద కిలోమీటర్ల పైనే తేడా ఉందే!

ఆ రెండు అంకెలూ ఒకే కొలత కావు. 585 అనేది నగరం నడకను మాత్రమే లెక్కేసే పాత పద్ధతిలో వచ్చింది. నగరం, హైవే రెండూ కలిపిన పద్ధతిలో అదే కర్వ్‌కు 502 వచ్చింది. 2025 జనవరిలో క్రెటా విడుదలైనప్పుడు చెప్పిన 473 ఈ రెండో పద్ధతిది. అంటే పోల్చాల్సింది 502, 473. తేడా ముప్పై కిలోమీటర్ల దగ్గరే. బ్యాటరీలు చూసినా అంతే, 55 యూనిట్లు, 51.4 యూనిట్లు.

రోడ్డు మీద ఈ ముప్పై కూడా కరిగిపోతుంది. ఊళ్లో నాకు యూనిట్‌కు ఏడున్నర కిలోమీటర్లు వస్తుంది. హైవే మీద 90 దాటకపోతే ఏడుకు కాస్త తక్కువ. 110 మీద పోతే ఆరు కూడా రాదు. బావ క్రెటా కాస్త పొదుపుగా లాగుతుంది. మొత్తం మీద రెండిట్లోనూ 350 కిలోమీటర్లను ఆధారం చేసుకుని ప్లాన్ వేసుకోండి. టాటా వాళ్లే పెద్ద కర్వ్‌కు వాస్తవంగా 400 నుంచి 425 వస్తుందని ఒక అంచనా ఇచ్చారు. నిదానంగా నడిపితే అది కూడా సాధ్యమే. మన వాళ్లు ఎన్‌హెచ్ 44 ఎక్కాక నిదానంగా ఎక్కడ నడుపుతారు!

మే నెల ఎండలో బ్యాటరీకి ఏమీ కాదా?

రెండిట్లోనూ బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది, ఊరికే కాలిపోతాయని భయపడక్కర్లేదు. కానీ 42, 43 డిగ్రీల ఎండలో మూడు మార్పులు కనిపిస్తాయి. ఏసీ గట్టిగా పనిచేస్తుంది కాబట్టి రేంజ్, అంటే ఒక్క చార్జితో పోయే దూరం, తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం హైవే మీద వేగంగా వచ్చి వెంటనే ఫాస్ట్ చార్జర్ పెడితే, బ్యాటరీ వేడిగా ఉండటం వల్ల కారే వేగం తగ్గించుకుంటుంది. ఎండలో నిలిపిన కారును చల్లబరచడానికే కాస్త కరెంటు పోతుంది. నేనైతే ఎండాకాలం ప్రయాణాలు తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతాను. పెట్రోల్ కారున్న రోజుల్లోనూ సీమలో తెలివైనవాళ్లు చేసింది ఇదే కదా.

కర్వ్‌లో ఉండేవి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ సెల్స్. ఇవి వేడిని బాగా తట్టుకుంటాయి, నూరు శాతం దాకా నింపినా పెద్దగా నొచ్చుకోవు. అప్పుడప్పుడూ నూరు దాకా నింపితేనే మీటరు మిగిలిన చార్జిని సరిగ్గా చూపిస్తుంది.

కర్నూలు నుంచి హైదరాబాద్ పోయి, మధ్యలో చార్జింగ్ లేకుండా తిరిగి రావచ్చా?

రాలేరు, రెండిట్లోనూ. ఒకవైపే 215 కిలోమీటర్లు. నేను పూర్తి చార్జితో బయల్దేరి 90 మీద పోతే హైదరాబాద్ మొదట్లో ఆరాంఘర్ దగ్గర 43 శాతం చూపించింది. హైదరాబాద్‌లో ఎక్కడో ఒకచోట పెట్టుకోవాల్సిందే. నగరంలో మనం పని చూసుకునే మూడు నాలుగు గంటల్లో మాల్ పార్కింగ్‌లోనో చుట్టాల ఇంట్లోనో పెట్టేస్తే అది కష్టంగా కూడా అనిపించదు. అనంతపురం వాళ్లకు బెంగళూరు లెక్క కూడా సరిగ్గా ఇదే, వాళ్లకూ 215 కిలోమీటర్లే. కడప వాళ్లకు తిరుపతి 140, కాబట్టి ఒక్క చార్జితో వెళ్లి వచ్చేయొచ్చు.

కర్నూలు నుంచి బెంగళూరు 360. ఒకసారి ఆగాలి. చాలామంది అనంతపురంలో టిఫినుకు ఆగి అక్కడే పెడతారు. నా సలహా వేరు. అక్కడికి అరవై శాతం ఇంకా ఉంటుంది. బ్యాటరీ నిండుతున్న కొద్దీ ఫాస్ట్ చార్జింగ్ నెమ్మదిస్తుంది. ఇంకా ముందుకు పోయి, పెనుకొండ దాటాక కొడికొండ చెక్‌పోస్టు వైపు ముప్పై శాతంతో ఆగితే అదే అరగంటలో ఎక్కువ యూనిట్లు ఎక్కుతాయి. చార్జర్ ఎక్కడుందో, పనిచేస్తోందో లేదో యాప్‌లో బయల్దేరే ముందే చూసుకోండి. ఒకసారి రాత్రి తొమ్మిదింటికి 14 శాతంతో ఒక స్టేషన్‌కు పోతే ఆ మెషీన్ స్క్రీన్ నల్లగా ఉంది. కాపలా మనిషి "పొద్దుననుంచీ ఇంతే సార్" అన్నాడు. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో తర్వాతి స్టేషన్ దాకా 60 మీద, ఏసీ ఆపేసి పోయాం. అప్పటి నుంచి 25 శాతం కంటే కిందికి దిగకముందే ఆగుతాను, రెండో స్టేషన్ ఏదో ముందే చూసి పెట్టుకుంటాను.

ఫాస్ట్ చార్జింగ్‌లో తేడా ఎంత?

కర్వ్ 55 గరిష్ఠంగా 70 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది, 10 నుంచి 80 శాతానికి 40 నిమిషాలని కంపెనీ లెక్క. క్రెటాకు 50 కిలోవాట్ల చార్జర్ మీద 58 నిమిషాలని కంపెనీ లెక్క. తరచూ దూరాలు పోయేవాళ్లకు కర్వ్ అన్నది ఇందుకే. కానీ దారిలో దొరికింది 30 కిలోవాట్ల మెషీన్ అయితే రెండూ ఒకటే, గంటంపావు కూర్చోవాలి. 60 కిలోవాట్ల మెషీన్‌కు రెండు గన్నులుండి (కారుకు తగిలించే ప్లగ్గులు) పక్కన ఇంకో కారు పెట్టి ఉన్నా అంతే. సగం సగం పంచుకుంటాయి.

శ్రీశైలం పోవచ్చా? ఘాట్‌లో చార్జి గుటగుటా తాగేస్తుందేమో?

ఎక్కేటప్పుడు తాగుతుంది, దిగేటప్పుడు కొంత తిరిగిస్తుంది. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు. పోవడం సమస్య కాదు. రానూపోనూ 360 అవుతుంది, ఘాట్ కూడా ఉంది కాబట్టి పైన చార్జింగ్ లేకుండా తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. సత్రం వాళ్లను ముందే ఫోన్లో అడిగి, 15 ఆంపియర్ల ప్లగ్ ఇస్తామన్న చోటే గది తీసుకోండి. కరెంటుకు ఎంతైందో ఇచ్చేయండి, వాళ్లూ సంతోషంగా ఇస్తారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలో గేట్లు మూస్తారు. చార్జింగ్ కోసం ఆలస్యం చేసుకుని దోర్నాలలో చిక్కుకోవద్దు.

దిగుడులో రెండు కార్లూ బాగుంటాయి. క్రెటాలో ఐ పెడల్ ఉంది, యాక్సిలరేటర్ వదిలితే చాలు కారు పూర్తిగా ఆగుతుంది. కర్వ్‌లో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో రీజెన్, అంటే కారు నెమ్మదించేటప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోవడం, పెంచుకోవచ్చు. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టే పని చాలా తగ్గిందని నేనే గమనించాను. ఒక్క జాగ్రత్త: నూరు శాతం చార్జితో దిగుడు మొదలుపెడితే, తిరిగొచ్చే కరెంటును దాచుకోవడానికి బ్యాటరీలో చోటుండదు, అప్పుడు రీజెన్ బలంగా పట్టదు.

నెలకు ఎంత మిగులుతుంది?

నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. నష్టాలతో కలిపి 165 యూనిట్లు. మన ఇళ్ల స్లాబులో 226 నుంచి 400 యూనిట్ల దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. కారు యూనిట్లు పైస్లాబులో పడతాయి కాబట్టి 1,450 నుంచి 1,600, పైన సర్దుబాటు చార్జీలు. లీటరు 110కి అటూ ఇటూ ఉన్నప్పుడు, లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ ఎస్‌యూవీకి అదే దూరం 7,800 దాటుతుంది. నెలకు ఆరు వేలు మిగిలినట్టు. అన్నీ హైవే చార్జర్ల మీదే నడిపితే యూనిట్‌కు 20, ఆపైన కట్టాలి. అప్పుడు మిగులు బాగా తగ్గిపోతుంది.

నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లే తిరిగేవాళ్లు ఖర్చు మిగులుతుందని మాత్రం ఈవీ కొనొద్దు. నడపడం హాయిగా ఉంటుందని కొనండి.

సోలార్ పెట్టుకుంటే?

ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారంటే మన ఎండ విలువ ఏమిటో ఆలోచించండి. మేడ మీద 3 కిలోవాట్లు పెడితే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద దానికి 78 వేల సబ్సిడీ. నెట్ మీటరింగ్ ఉంటే పగలు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు రాత్రి కారుకు వాడుకున్న లెక్కలో సరిపోతాయి. సొంత మేడ ఉన్నవాళ్లు కారులో టాప్ వేరియంట్ మానుకుని ఆ డబ్బు దీని మీద పెట్టడం నూటికి నూరు పాళ్లు మంచిది.

వెనక సీటు గురించి మొదట్లోనే అన్నావు. అంత తేడానా?

కర్వ్ పైకప్పు వెనక్కి వాలిపోయి ఉంటుంది. చూడ్డానికి అందమే, కానీ పొడుగ్గా ఉన్న మనిషి వెనక కూర్చుంటే తలకు చోటు తక్కువ, దిగేటప్పుడు వంగాలి. క్రెటా నిటారుగా ఉంటుంది, చక్రాల మధ్య దూరం 2,610 మిల్లీమీటర్లు, కర్వ్‌లో 2,560. మా నాన్నకు మోకాళ్ల నొప్పి. బావ కారులో ఆయన కుర్చీలో కూర్చున్నట్టు పక్కకు జరిగి కూర్చుంటారు. డిక్కీలో కర్వ్‌దే పైచేయి, 500 లీటర్లు, క్రెటాలో 433. మంత్రాలయం పోయే కుటుంబానికి రెండూ చాలు.

షోరూంకి ఒక్కరే పోవద్దు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను తీసుకుపోయి వెనక ఎక్కించి, దింపి, మళ్లీ ఎక్కించండి.

మన రోడ్లకు, వానలకు?

కర్వ్ కింద 190 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, 450 మిల్లీమీటర్ల నీళ్లలో పోవచ్చని కంపెనీ చెప్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చిన రోజులు చూసినవాళ్లం మనం. ఏ కారైనా వాగు పారుతుంటే ఆగడమే. బ్యాటరీలోకి నీళ్లు పోకుండా సీలు వేసి ఉంటుంది కానీ, కొట్టుకుపోయే కారుకు అది అక్కరకు రాదు.

బ్యాటరీ వారంటీ?

క్రెటాకు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. కర్వ్‌కు 2025 జూలై నుంచి మొదటి యజమానికి 15 ఏళ్లు, కిలోమీటర్ల పరిమితి లేదు. రెండో చేతికి పోతే అదీ 8 ఏళ్లకే వస్తుంది. పదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే ఇది పెద్ద విషయం. మూడేళ్లకు మార్చేసేవాళ్లకు కాదు.

ధరలు?

విడుదలప్పుడు కర్వ్ 17.49 లక్షలు, క్రెటా 17.99 లక్షల దగ్గర మొదలయ్యాయి. పెద్ద బ్యాటరీలకు పోతే కర్వ్ 19.25, క్రెటా 21.5. తర్వాత ధరలూ ఆఫర్లూ మారుతూనే ఉన్నాయి, అన్నీ ఎక్స్ షోరూమే. ఈవీలకు జీఎస్టీ 5 శాతమే. ఈవీ లోను వడ్డీకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు 2023 మార్చి 31 లోపు శాంక్షన్ అయిన లోన్లకే. ఎవరైనా సేల్స్ మనిషి దాన్ని చూపించి లెక్క వేస్తే సరిదిద్దండి.

హైదరాబాద్‌లో కొంటే రోడ్ ట్యాక్స్ లేదట కదా?

తెలంగాణ 2024 నవంబరులో ఇచ్చిన ఆ మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా, అక్కడ రిజిస్టర్ అయ్యే బండ్లకు. కర్నూలులో ఉంటూ చుట్టాల అడ్రసుతో రిజిస్టర్ చేయించుకుంటే తర్వాత ఇన్సూరెన్స్‌లో, బండి బదిలీలో చిక్కులొస్తాయి. ఇక్కడి షోరూం కొటేషన్లో లైఫ్ ట్యాక్స్ వరుస చూసి, మన రాష్ట్ర ఈవీ పాలసీ ప్రకారమే వేశారా అని రాతపూర్వకంగా అడగండి.

మన పెనుకొండ కియా వాళ్లదీ ఉందిగా?

ఉంది. 2025 జూలైలో వచ్చిన కారెన్స్ క్లావిస్ ఈవీ అక్కడే తయారవుతుంది, బ్యాటరీలు క్రెటాకు ఉన్నవే, 42, 51.4 యూనిట్లు. ఏడుగురు కూర్చోవచ్చు. ఇంట్లో మనుషులు ఆరు దాటితే ఈ రెండిటి మధ్య ఊగిసలాడటం మాని దాన్ని కూడా చూసి రండి.

కరెంటు పోయినప్పుడు కారు నుంచి ఇంట్లోకి తీసుకోవచ్చంటారు, నిజమా?

నిజమే, రెండు కార్లూ బయటి వస్తువులకు కరెంటు ఇస్తాయి. పోయిన మే నెలలో గాలివానకు మా వీధి స్తంభం ఒరిగి రాత్రంతా కరెంటు లేదు. మా అత్తగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. కారు నుంచి వైరు లాగి ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు పొద్దున దాకా నడిపాం, తగ్గింది పది శాతంలోపే. వస్తువులను నేరుగా ఆ వైరుకే తగిలించండి. తెలివితేటలకు పోయి ఇంటి బోర్డులోకి ఎదురు కరెంటు ఎక్కించొద్దు. బయట చీకట్లో లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు.